జనాభా లెక్కల పుస్తకంలో పేర్లుండవు: పల్లెలో ఒక కుటుంబాన్ని, దాని పాత ఇంటిని వెతికిన పద్ధతి

జనాభా లెక్కల్లో మా ముత్తాత పేరు దొరుకుతదా అని అడిగేవాళ్లకు ముందే చెప్పాలి, దొరకదు. 1948 జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఎన్యూమరేటర్ ఇంటింటికీ తిరిగి రాసుకున్న షెడ్యూలు ఎవరికీ చూపించరు, కోర్టులో సాక్ష్యంగా కూడా పనికిరాదు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టినా రాదు. అమెరికాలో 72 ఏళ్లకు, బ్రిటన్‌లో 100 ఏళ్లకు పేర్లతో సహా బయటపెడతారు. మన చట్టంలో అట్లాంటి గడువే లేదు. అయినా నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెల కుటుంబాల జాడ తీసేటప్పుడు నేను మొదలుపెట్టేది జనగణన పుస్తకాలతోనే. పేరు వేరే రికార్డులో దొరుకుతుంది. ఆ రికార్డు ఏ తాలూకా కింద ఉంటుంది, ఏ పదేళ్ల ముక్కలో వెతకాలి, ఆ ఊళ్లో అసలు ఎన్ని ఇళ్లున్నాయి అన్నది ఈ పుస్తకాలే చెప్తాయి. ఇవి తెలియకుండా తహసీల్ ఆఫీసుకు పోతే 'లభ్యం కాలేదు' అన్న ఒక్క మాటతో పని ముగుస్తుంది.

కావలసింది డిస్ట్రిక్ట్ సెన్సస్ హ్యాండ్‌బుక్. 1951 నుంచి జిల్లాకొకటి ఉంది. జనగణన శాఖ వెబ్‌సైట్‌లో పాత పుస్తకాలు చాలావరకు స్కాన్ చేసి ఉచితంగానే పెట్టారు. అందులో ఊరి వారీగా విస్తీర్ణం, ఇళ్లు, కుటుంబాలు, ఆడ మగ లెక్క, ఎస్సీ, ఎస్టీ, చదువుకున్నవాళ్లు, ఏ పని చేసేవాళ్లు ఎంతమంది అన్నది ఒక్క వరుసలో ఉంటుంది. హైదరాబాద్ రాజ్యంలో మొదటి జనగణన 1881లో జరిగింది కానీ, ఆనాటి సంపుటాల్లో ఎక్కువగా జిల్లా, తాలూకా లెక్కలే. కులాల పట్టికలు 1931తో ఆగిపోయాయి. అవి కూడా జిల్లా స్థాయివే కాబట్టి ఒక ఊళ్లో ఫలానా కులం ఇళ్లు ఎన్ని అన్నది వాటిలో దొరకదు.

మొదటి చిక్కు ఊరు ఏ పుస్తకంలో ఉందన్నదే. ఇప్పటి జిల్లా పేరుతో వెతికితే పాత ఊరు కనపడదు. గద్వాల, ఆలంపూర్ తాలూకాలు 1956 దాకా రాయచూరు జిల్లాలో ఉండేవి, కొడంగల్ గుల్బర్గా జిల్లాలో ఉండేది. కాబట్టి ఆ ఊళ్ల 1951 లెక్క మహబూబ్‌నగర్ పుస్తకంలో ఉండదు. జనగామ తాలూకా 1951లో నల్లగొండ కింద ఉండి, తర్వాత వరంగల్‌కు పోయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 అక్టోబర్‌లో నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. మహబూబ్‌నగర్ నుంచి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వచ్చాయి, షాద్‌నగర్ వైపు ఊళ్లు రంగారెడ్డిలో కలిశాయి. 2019లో నారాయణపేట జిల్లా వచ్చింది. 2011 పుస్తకం ఈ విభజనలకు ముందుది. అందులో నల్లగొండ కోడ్ 539, మహబూబ్‌నగర్ కోడ్ 538, ఊరికి ఆరంకెల కోడ్ ఉంటుంది. నేనైతే 2011 నుంచి వెనక్కి నడుస్తాను. 2011, 2001, 1991 మండలాల కింద, 1981 నుంచి వెనక్కి తాలూకాల కింద. ఊరి విస్తీర్ణం పెద్దగా మారదు కాబట్టి, పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఎట్లా వంకర్లు పోయినా విస్తీర్ణం పోల్చుకుంటే అదే ఊరని తేలుతుంది. ఒకే పేరుతో రెండు ఊళ్లుంటే వెనకాల కలాన్, ఖుర్ద్ అనో, ముందు పెద్ద, చిన్న అనో ఉందేమో చూడాలి.

రెండో చిక్కు జనగణనలో ఊరంటే రెవెన్యూ గ్రామం. తండాలు, గూడేలు, శివారు పల్లెలు తల్లి ఊరి లెక్కలోనే కలిసిపోతాయి. దేవరకొండ వైపు ఎన్నో తండాలు 2018లో గ్రామపంచాయతీలయ్యాయి. వాటి పేరుతో పాత పుస్తకంలో వెతికితే ఏమీ ఉండదు. పైగా లంబాడాలను తెలంగాణలో ఎస్టీలుగా చేర్చిన 1976 చట్టం తర్వాత, 1971కీ 1981కీ మధ్య ఎస్టీ అంకె ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఎక్కడి నుంచో జనం వలస వచ్చారనుకోవద్దు, ఉన్నవాళ్లే వేరే గడిలోకి మారారు.

ఊరి పేరు ఎదుట జనాభా గడి ఖాళీగా ఉంటే అది బేచిరాగ్ గ్రామం, అంటే భూమి ఉంది, దీపం పెట్టే ఇల్లు లేదు. ఒక పుస్తకంలో జనం ఉండి తర్వాతి దాంట్లో లేకపోతే కారణం వెతకాలి. నాగార్జునసాగర్ కింద దేవరకొండ తాలూకా ఊళ్లు, శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, ఆలంపూర్ వైపు ఊళ్లు మునిగాయి. ఇంటి కోసం వెతికేవాళ్లకు మునిగిన ఊరే ఒక విధంగా నయం. భూసేకరణ అవార్డు ఫైల్లో ఇంటి యజమాని పేరు, తండ్రి పేరు, గోడ మట్టిదా రాయిదా, పైకప్పు పెంకా గడ్డా, ఎంత కొలత, ఎంత వెల కట్టారు అన్నది ఇంటింటికీ రాస్తారు. నిలబడి ఉన్న ఊళ్లో అంత వివరం ఒక్కచోట దొరకదు.

తగ్గుదలలన్నీ ముంపు వల్ల కాదు. 1951 లెక్క తీసేనాటికి సాయుధ పోరాటం ఇంకా ఆగలేదు, అది ఆ ఏడు అక్టోబర్‌లో విరమించారు. రజాకార్ల రోజుల్లో ఊళ్లు విడిచిన కుటుంబాలు కొన్ని తిరిగి రానేలేదు. 1951లో చిన్నబోయిన ఊరు 1961లో మళ్లీ నిండితే ఆ కోణంలో పెద్దవాళ్లను అడగాలి. పాలమూరు వైపు ఇంకో సంగతి. జనగణన సాధారణంగా ఫిబ్రవరిలో జరుగుతుంది, అప్పటికి వలస కూలీలు ఊళ్లో ఉండరు. లెక్క తీసే రోజులన్నీ ఇల్లంతా తాళం వేసి ఉంటే ఆ మనుషులు ఉన్నచోటే లెక్కకెక్కుతారు, సొంతూరి అంకెలో కనపడరు.

ఇళ్లు, కుటుంబాలు అన్న రెండు గడులను పక్కపక్కన పెట్టి చదవాలి. జనగణనలో కుటుంబమంటే ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు. ఇళ్ల కంటే కుటుంబాలు ఎక్కువుంటే ఒకే కప్పు కింద పొయ్యిలు వేరుపడ్డాయని అర్థం. అన్నదమ్ములు వేరుపడిన కాలాన్ని పదేళ్ల తేడాలో ఊహించడానికి ఇది పనికొస్తుంది. ఊరు మొత్తం అంకె కాబట్టి ఒక ఇంటికి రుజువు కాదు. అయినా పంపకం కాగితం 1960లదా 1970లదా అన్న సందేహంలో ఎటు మొగ్గాలో చెప్తుంది.

ఇక పేర్లు. దక్షిణ తెలంగాణలో వంశం వెతకడానికి వెన్నెముక ఖాస్రా పహాణీ, 1954-55, అంటే నిజాం రెవెన్యూ లెక్కలో 1364 ఫస్లీ సంవత్సరం. ఊళ్లో ప్రతి సర్వే నంబరుకూ పట్టాదారు ఎవరు, కబ్జాలో ఎవరున్నారు, ఖుష్కీ (మెట్ట) ఎంత, తరీ (మాగాణి) ఎంత అని ఉంటుంది. దీనికి ముందుది సేత్వార్, మొదటి సర్వే బందోబస్తు నాటి మూల రికార్డు. అది ఉర్దూలో ఉంటుంది కాబట్టి చదివేవాళ్లను ముందే చూసుకోవాలి. తర్వాతిది 1955-58 మూడేళ్లకు కలిపిన చెస్సాల పహాణీ. ఈ మూడూ వరుసగా పెట్టుకుంటే తాత, ముత్తాతల పేర్లు దొరికే అవకాశం ఉంది.

అడిగే తీరులోనే సగం పని ఉంది. పేరు రాసి 'మా తాత భూమి వివరాలు ఇవ్వండి' అంటే ఇవ్వరు, వెతకరు. సర్వే నంబరు, ఊరు, పాత తాలూకా, సంవత్సరం రాసి 'ఖాస్రా పహాణీ నకలు' అని అడగాలి. నంబరు ఎక్కడిదంటే ఇప్పటి పాసుబుక్కులోదే. పాత సర్వే నంబర్లు చాలావరకు అట్లనే ఉన్నాయి, పంచుకున్నప్పుడల్లా వెనక అ, ఆ, ఇ చేరుతూ వచ్చాయి. 142/ఆ అని ఉంటే 142 మొత్తం అడగాలి, అన్నదమ్ముల పాయలన్నీ ఒకే పేజీలో బయటపడతాయి. సమాచార హక్కు కింద గ్రామస్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు, గడువు 30 రోజులు. ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇప్పటి హక్కుదారు కనపడతాడు గానీ వంశం కనపడదు.

దొరకని చోట రికార్డు పోయిందనుకోవద్దు, వేరేచోట ఉండొచ్చు. 1984 జనవరిలో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయినప్పుడు ఊరి లెక్కలు పట్వారీల ఇళ్ల నుంచి ఆఫీసులకు రావాలి, అన్నీ రాలేదు. మరుసటేడు తాలూకా ఆఫీసుల కట్టలు మండలాలకు పంచినప్పుడు కొన్ని ఊళ్లవి పక్క మండలంలో పడ్డాయి. 2016లో మళ్లీ పంపకం. కాబట్టి ఇప్పటి మండలం, దాని తల్లి మండలం, పాత తాలూకా కేంద్రం, పాత జిల్లా కలెక్టరేట్ రికార్డు గది, ఈ వరుసలో వెతకాలి. నక్ష (పటం), టిప్పన్ (కొలతల కాగితం), సేత్వార్ లాంటి సర్వే కాగితాలు జిల్లా సర్వే, ల్యాండ్ రికార్డ్స్ ఆఫీసులో ఉంటాయి. నిజాం కాలపు జాగీర్, ఇనాం ఫైళ్లకు హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల ఊళ్లయితే ఖాల్సా (నేరుగా నిజాం ప్రభుత్వం కింద ఉన్న) ఊళ్ల లాగా పాత రికార్డు నిండుగా ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు.

చదివేటప్పుడు కొన్ని పట్లు తెలియాలి. 'మల్లయ్య వల్ద్ ఎల్లయ్య' అంటే ఎల్లయ్య కొడుకు మల్లయ్య. 'జౌజె' ఉంటే భార్య, 'బేవా' ఉంటే భర్త పోయిన మనిషి. ఇంటిపేరు రాసింది అరుదు, ఒకే ఊళ్లో మల్లయ్య వల్ద్ ఎల్లయ్యలు ఇద్దరు ముగ్గురు తేలుతారు. అప్పుడు పేరును వదిలి సర్వే నంబర్లను పట్టుకోవాలి. ఒకే మనిషి నంబర్లు సాధారణంగా ఒక బావి కిందనో ఒక కుంట కిందనో గుంపుగా ఉంటాయి. వాటా ఆనాల్లో ఉంటుంది, మొత్తం 16 ఆనాలు. నాలుగు ఆనాల చొప్పున నలుగురుంటే నలుగురు అన్నదమ్ములు కావచ్చు. 8, 4, 4 అని ఉంటే ఒక అన్న, అప్పటికే చనిపోయిన తమ్ముడి ఇద్దరు కొడుకులు అయి ఉండొచ్చని ఒక గీత గీసుకుని, పక్కా చేసుకున్నాకే వంశవృక్షంలో ఎక్కించాలి. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 చదరపు గజాలు. గుంటలు కూడి 40 దాటితే ఎకరంలోకి మారుస్తూ అన్నదమ్ముల విస్తీర్ణం కలిపితే పాత పట్టా విస్తీర్ణం రావాలి. రాకపోతే ఒక వారసుడో ఒక అమ్మకమో మీ లెక్కలో తప్పిపోయినట్టు. దిద్దుబాట్లు, చిరిగిన పేజీలు ఉన్నచోట ఖాస్రాను ఒంటరిగా నమ్మకుండా చెస్సాలతో పోల్చాలి.

భూమి లేని కుటుంబమైతే? పట్టాదారు గడిలో ఉండదు, కబ్జా గడిలో ఉండొచ్చు. 1950 కౌలుదారీ చట్టం కింద రక్షిత కౌలుదార్ల రిజిస్టర్ తయారైంది, 38-ఇ అని ఇప్పటికీ ఆఫీసుల్లో నలుగుతున్నది ఆ కౌలుదార్లకు యాజమాన్యం ఇచ్చే సెక్షన్. దొర భూమి దున్నినవాళ్ల పేర్లు తండ్రి పేరుతో సహా అందులో ఉంటాయి. నీరటి, మంగలి, చాకలి, కుమ్మరి లాంటి ఊడిగపు పనులవాళ్లకు ఇనాం భూములుంటే ఇనాం రిజిస్టర్. ఏదీ లేకపోతే బడి అడ్మిషన్ రిజిస్టర్. అందులో ఇంటిపేరు, తండ్రి, కులం ఉంటాయి. పుట్టిన తేదీని మాత్రం నమ్మవద్దు. సార్లు బడి తెరిచే నెల చూసి వయసు సరిపోయేట్టు వేసిన తేదీలు వరుసగా కనపడతాయి.

రికార్డు ఆగినచోట నోటి వంశావళి ఉంది. రెడ్లకు పిచ్చకుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు. గోత్రం, ఇంటిపేరు, ఏ ఊరి నుంచి లేచి వచ్చారన్న మాట వీళ్ల దగ్గర గట్టిగా ఉంటుంది. తరాల సంఖ్య అంత గట్టిది కాదు. నేను వాళ్లు చెప్పిన పాత ఊరి పేరు తీసుకుని ఆ ఊరి ఖాస్రా చూస్తాను.

ఇల్లు భూమి కంటే కష్టం. పొలానికి సర్వే నంబరుంది, ఊళ్లో ఇళ్లున్న జాగా మొత్తం గ్రామకంఠం, ఆబాదీ. దాని లోపల పాత రికార్డులో విడివిడి నంబర్లు లేవు. ఊరి నక్షలో అది ఒక్క ముద్దగా కనపడుతుంది. అందుకే పాత ఇంటికి దారి పంచాయతీ ఇంటిపన్ను డిమాండ్ రిజిస్టర్. ఇంటి నంబరు, యజమాని, తండ్రి, ఇంటి రకం, పన్ను ఉంటాయి. ఇందులో రెండు మోసాలున్నాయి. చనిపోయిన మనిషి పేరు మీదనే ఏళ్ల తరబడి పన్ను రాస్తుంటారు. ఇంటి నంబర్లు మారుతుంటాయి, కొత్త వరుస వేసిన ఏడు రిజిస్టర్‌లో పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కన రాసి ఉన్న పేజీ కోసం వెతకాలి. ఆ పేజీ దొరికితే మిగతా రిజిస్టర్లన్నీ కలుస్తాయి.

గోడ మీది నంబర్లతో జాగ్రత్త. మలేరియా వాళ్లు రాసింది, జనగణన వాళ్లు రాసింది, 2014 సమగ్ర కుటుంబ సర్వే నాటిది, 2024 కులగణన స్టిక్కర్, పంచాయతీ నంబరు, ఇన్నీ ఒకే దర్వాజ పక్కన ఉంటాయి. 10(1), 10(2) లాగా బ్రాకెట్లుంటే అది జనగణనది. 10 కట్టడం, బ్రాకెట్లోది అందులోని ఇల్లు. దానితో పంచాయతీలో వెతికితే వేరేవాళ్ల ఇల్లు దొరుకుతుంది.

పంచాయతీ రిజిస్టర్ లేనిచోట ఓటర్ల జాబితా. 2002 సమగ్ర సవరణ జాబితాలో ఇంటి నంబరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు ఉన్నాయి. మీ ఇంటి ఒక్క లైను కాకుండా ముందు పదిళ్లు, వెనక పదిళ్లు రాసుకోండి. ఎందుకంటే పాత కాగితాల్లో ఇల్లు నంబరుతో ఉండదు, హద్దులతో ఉంటుంది. పల్లెల్లో ఇళ్లు రిజిస్ట్రీ అయింది తక్కువ, సాదా బైనామా (రిజిస్ట్రీ లేని అమ్మకం కాగితం) మీదనే చేతులు మారాయి. అందులో తూర్పున ఫలానావాళ్ల ఇల్లు, పడమర బాట, ఉత్తరాన ఫలానావాళ్ల కొట్టం అని ఉంటుంది. పక్కవాళ్ల పేర్లను జాబితాలో పక్కిళ్ల తండ్రుల పేర్లతో కలిపితే ఇల్లు ఎక్కడుందో తేలుతుంది. పక్కింటివాళ్ల కాగితంలో మీ తాత హద్దుగా ఉంటాడు, అది చూడందే పని పూర్తయినట్టు కాదు. రిజిస్ట్రీ అయినవాటికి ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఆస్తి లావాదేవీల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి వస్తుంది. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేతి పుస్తకాలే.

కట్టడం కూడా తారీఖు చెప్తుంది, తొందరపడకుండా చదివితే. మట్టి గోడ, గూన పెంకు, మొగురాలు, దూలాలు ఒక దశ. బెంగుళూరు పెంకు, షాబాద్ బండలు తర్వాత వేసినవి కావచ్చు. పైకప్పు మారినంత సులువుగా దర్వాజ మారదు కాబట్టి నేను కడప (గడప), పై దర్వాజ పట్టీ చూస్తాను. వడ్ల (వడ్రంగి) పనివాళ్లు సంవత్సరం చెక్కి ఉంటారు. 'వికృతి' అని ఉంటే 1950-51, లేదంటే అరవై ఏళ్లు వెనక్కి 1890-91. రెంటిలో ఏది అన్నది కుటుంబం ఆ ఊళ్లో ఎప్పుడుందో ఖాస్రా, సేత్వార్ తేలుస్తాయి. 13తో మొదలయ్యే నాలుగంకెల సంవత్సరం ఉంటే అది ఫస్లీ కావచ్చు, హిజ్రీ కావచ్చు. ఆజూర్, దై, బహ్మన్ లాంటి నెల పేరుంటే ఫస్లీ, 590 కలపండి. ఆజూర్ అక్టోబర్‌లో మొదలవుతుంది కనుక జనవరి తర్వాతి నెలలకు 591. పాత దర్వాజను పడగొట్టిన ఇంటి నుంచి తెచ్చి కొత్తింటికి పెట్టుకోవడం మన దగ్గర మామూలే. చెక్కిన ఏడు గోడ వయసు కాదు, దర్వాజ వయసు.

ఆడబిడ్డల జాడ ఈ దారిలో దాదాపు కనపడదు. ఖాస్రాలో వాళ్లు వారసులుగా రారు, ఓటర్ల జాబితాలో అత్తగారింటి నంబరు కింద భర్త పేరుతో ఉంటారు. ఒక్క సందు ఉంది. తండ్రి పట్టాలోంచి రెండెకరాలో మూడెకరాలో విడిపోయి, అమ్మకం కాగితం లేకుండా, వేరే ఇంటిపేరు మనిషి కబ్జాలోకి పోయి ఉంటే అది పసుపు కుంకుమ భూమి అయ్యే అవకాశం ఎక్కువ. ఆ కబ్జాదారు అల్లుడు అవుతాడు. అతని సొంతూరు కనుక్కుని, అక్కడి పహాణీలో అతని పేరు కింద చూస్తే 'జౌజె' అని రాసిన ఒక లైనులోనో, బడి రిజిస్టర్‌లో పిల్లల తల్లిగానో ఆమె పేరు దొరకవచ్చు.